సెట్టు మామ నోటుబుక్కు

కనకమ్మ సత్రం అనే మా అరవదేశపు ఊళ్ళో నటరాజ్ మామ ఎవరంటే ఒక్కరూ చెప్పలేరు. సెట్టు మామ అంటే తిరుత్తణి బస్సు డ్రైవరు కూడా ఇల్లు చూపిస్తాడు. ఆవడి ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరైన మామకు మిగిలిన ఒకే పిచ్చి, 'సెట్' అనే ఇంగ్లీషు మాటను మనవాళ్ళు ఎన్ని రకాలుగా వాడతారో నోటుబుక్కులో రాసుకోవడం. కొత్త వాడుక తెచ్చినవారికి మణికంఠ హోటల్లో మామ తరఫున ప్లేటు ఇడ్లీ.

పంపుసెట్టు, మైకుసెట్టు, పళ్ళసెట్టు ఎప్పుడో ఎక్కేశాయి. సంబంధం సెట్ కావడం, కొత్త చెప్పు కాలికి సెట్ కాకపోవడం కూడా అయిపోయాయి. ఒకసారి చావింట్లో ఎవరో "ఆయమ్మ లేకుండా ఈ ఇల్లు సెట్ కాదు" అని శోకం పెడితే, మామ ఏడుస్తూనే జేబులోంచి పెన్ను తీశాడు.

తీర్పులో మాత్రం మహా కఠినుడు. పళ్ళిపట్టు నుంచి వచ్చిన మేనల్లుణ్ణే అయినా నాకూ మినహాయింపు లేదు.

"మామా, అలారం సెట్ చేసినా."

"పద్నాలుగో పేజీలో ఉండాది. పో."

"గడ్డం సెట్ చేయించుకున్నా."

"శరవణన్ మొన్నే చెప్పినాడు. ఇడ్లీ గూడా తినేసినాడు."

మూడు నెలల్లో నాకు ఒక్క ఇడ్లీ దక్కలేదు. అందుకే ఆ రోజు ఒళ్ళు మండింది. నాట్లకు పోయే పొన్నమ్మక్క, కుడి చెయ్యి విరిగి నెలన్నరగా పని లేని మనిషి, హోటలుకు వచ్చి మెల్లగా "అన్నా, టీవీ సెట్టు" అంది.

"అబ్బా! ఇది యాడ దొరికిందమ్మా నీకు? మణీ, పొన్నమ్మకు ఇడ్లీ!"

నేను నోటుబుక్కు లాక్కున్నాను. "మామా, ఇది మొదటి పేజీలోనే ఉండాది! నిన్న అక్క చెప్పిన పంపుసెట్టు గూడా పాతదే!"

పొన్నమ్మక్క ప్లేటు పక్కకు జరిపింది. "ఊరికే పెట్టే తిండి నాకొద్దన్నా" అని లేచింది. అత్త పంపిన బియ్యాన్ని కూడా ఆమె అలాగే తిప్పి పంపిందని అప్పుడు గుర్తొచ్చింది. ఆమె ఇంట్లో పొయ్యి వెలగడం లేదని ఊరంతా ఎరుగును. సిగ్గుతో చచ్చిపోయాను.

మామ తొణకలేదు. "కూచో పొన్నమ్మా. వీని మాట నమ్ముతావా? వీడు చదివిందంతా అరవం. తెలుగు అచ్చరమే రాదు. రేడియో సెట్టును టీవీ సెట్టని చదివినాడు!"

ఆమె నా వైపు చూసింది. మామ కూడా చూశాడు.

"ఆమాక్కా, నిజమే," అన్నాను తల దించుకుని. "నాకు తెలుగు రాదు."

"అయ్యో పాపం! ఇంత పెద్దోడివి, మన అచ్చరాలు రావా నాయనా?" పొన్నమ్మక్క మళ్ళీ కూర్చుని, ఎడమ చేత్తో ప్లేటు దగ్గరికి లాక్కుంది. "నేను నాలుగో క్లాసు దాకా చదివినా. రేపట్నుంచి రా, నేర్పిస్తా."

"ఊరికే వద్దమ్మా," అన్నాడు మామ గంభీరంగా. "పొద్దున టిఫిను నీకు జీతం."

"సరి. అదీ న్యాయం."

అలా, తిరుపతిలో తెలుగు ఎం.ఏ. ఫస్టు క్లాసులో పాసైన నేను, ఆమె చెయ్యి బాగై మళ్ళీ నాట్లకు పోయేదాకా, రోజూ పొద్దున్నే మణికంఠ హోటల్లో 'క' వంకరగా రాసి తిట్లు తిన్నాను. ఎప్పుడైనా పొరపాటున చక్కగా రాస్తే, మామ బల్ల కింద నా కాలు తొక్కేవాడు.