గొళ్లెం కరిచిన సంగతి

తాళాలాయన అంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. తాళంచెవి పోయినా, విరిగినా, కోపంలో ఎవరైనా కాలువలోకి విసిరేసినా అందరూ ఆయన కొట్టు ముందుకే వచ్చి నిలబడేవాళ్లు. కొట్టంటే మెట్ల కింద ఒక గది. ఒక పక్క ఆయన బల్ల, దాని మీద ఆకురాళ్లు, పట్టకారు, తీగకు గుచ్చిన తాళంచెవులు. ఇంకో పక్క, కిటికీ వెలుతురు పడేచోట, ఆయన భార్య కుర్చీ. ఆమెది రఫ్ఫు పని. కోటుకి చిల్లు పడితే ఆ బట్ట అంచులోంచే పోగులు లాగి, అక్కడ చిల్లుండేదని అత్తగారు కూడా కనిపెట్టలేనట్టు అల్లి ఇచ్చేది.

ఇద్దరి మధ్యా నేల మీద గొళ్లెం పడుకునేది. గొళ్లెం అంటే వాళ్ల కుక్క. పదకొండేళ్ల కిందట, అద్దెవాళ్లు చెప్పాపెట్టకుండా ఖాళీ చేసిపోయిన ఒక ఇంటి తాళం తీయడానికి వెళ్తే, లోపల అరచేయంత కుక్కపిల్ల అరిచే ఓపిక కూడా లేక తలుపు సందులో మూతి పెట్టి పడుంది. పనిముట్ల సంచిలో వేసుకొచ్చాడు.

"నాలుగు రోజులుంచి ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నాడు.

"అలాగే" అంది భార్య. నాలుగో రోజుకి అది ఆమె కాలు కదిపితే చాలు, వెనకాలే తగులుకునేది. ఆ పేరు పెట్టింది ఆమే. పిల్లల్లేని ఇంట్లో దానికి గారాబం చెప్పనక్కర్లేదు. కొట్టుకొచ్చినవాళ్లు కుక్కని చూసి వెనక్కి తగ్గితే ఆయన నవ్వేవాడు. "మా గొళ్లేనికి పళ్లున్నది తిండి నమలడానికే. లోపలికి రండి."

దానికి పదకొండేళ్లొచ్చిన ఏడు, చలి మొదలయ్యాక అది తల ఒక పక్కకి వంచి నడవడం మొదలెట్టింది. రొట్టెముక్క పెడితే ఒక దవడతోనే నమిలి, సగం కింద పడేసేది. వయసు మీద పడింది కదా అనుకున్నారు ఇద్దరూ.

ఒక మధ్యాహ్నం భార్య దారాలు కొనడానికి బజారుకెళ్లింది. ఆయన ఎప్పట్లాగే వంగి దాని చెవి వెనక గోకబోయాడు. అది గుర్రుమనలేదు, పళ్లు చూపించలేదు. ఒక్కసారిగా బొటనవేలి మొదట్లో పట్టేసింది. వదిలాక అదే భయపడిపోయి బల్ల కిందికి దూరి వణికింది. ఆయన చేతిని సబ్బుతో కడుక్కుని, గుడ్డ చుట్టుకుని, నేల మీది రక్తం తుడిచేశాడు.

"ఏమైందండీ ఆ చెయ్యి?" వస్తూనే అడిగింది ఆమె.

"ఆకురాయి జారింది."

"ముప్పై ఏళ్లుగా జారని ఆకురాయి ఇవాళే జారిందా?"

"ముసలాణ్ణయ్యాను కదే."

ఎందుకు అబద్ధం చెప్పాడో ఆయన తరవాత చాలాసార్లు తనని తానే అడిగి చూసుకున్నాడు. కుక్క ఎవరినైనా కరిచిందో, మరుసటిరోజే బయటికి పంపాలని అద్దెకిచ్చిన ఇంటాయన మొదట్లోనే షరతు పెట్టాడు. భార్యకి చెబితే ఆమె కంగారు వీధంతా తెలుస్తుంది. అదొక భయం. రెండోది, ఇన్నేళ్లు చెప్పుకున్న గొప్ప. మా కుక్క కరవదని ఊరందరి ముందూ చెప్పుకున్నవాడు ఇప్పుడేం మొహం పెట్టుకుంటాడు? పైగా తనే దాని నిద్ర చెడగొట్టాడేమో అని సర్దిచెప్పుకున్నాడు. తాళం పని ఉందని చెప్పి ఆసుపత్రికి వెళ్లి సూదులు వేయించుకున్నాడు, మూడుసార్లు. ఆ తరవాత తను మాత్రం దాని తల దగ్గరికి చెయ్యి పోనివ్వలేదు. చుట్టూ తిరిగి నడిచేవాడు. జాగ్రత్త తను పడ్డాడు. ఆమెకి చెప్పలేదు.

పందొమ్మిదో రోజు పొద్దున్న ఆమె చేతిలోంచి దారం ఉండ జారి, దొర్లుకుంటూ వెళ్లి పడుకున్న కుక్క మెడ దగ్గర ఆగింది. ఆమె కుర్చీలోంచే వంగింది. ఆయన అటు వీపు పెట్టి తాళంచెవి అరగదీస్తున్నాడు. వెనక ఏదో పెనుగులాట వినబడి తిరిగి చూసేసరికి, ఆమె రెండు చేతుల్తో మొహం మూసుకుని ఉంది. వేళ్ల సందుల్లోంచి రక్తం. ఆమె అరవలేదు.

"నా కన్నుందా? చూడండి" అంది.

ఆసుపత్రిలో రెప్పకి కుట్లు వేశారు. ఎడమ కంటికి ఇక వెలుతురూ చీకటీ తప్ప తెలియవని చెప్పారు. కట్టు కట్టాక నర్సు కాగితం తీసి అడిగింది, "ఈ కుక్క ఇంతకు ముందు ఎవరినైనా కరిచిందా అమ్మా?"

"అయ్యో, లేదమ్మా. చీమకి కూడా హాని చెయ్యదు. నేనే వంగి దాన్ని బెదరగొట్టాను."

నర్సు రాస్తూ రాస్తూ తలెత్తి ఆయన వైపు చూసింది. "మీరు కుక్కకాటు సూదులకి వచ్చినాయనే కదా? మొన్నీమధ్యేగా మూడోది వేశాను?"

భార్య తల తిప్పి, మిగిలిన కంటితో ముందు ఆయన మొహాన్ని, తరవాత బొటనవేలి మీది మచ్చని చూసింది.

మర్నాడు ఆయన కుక్క మూతికి గుడ్డ కట్టి పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆవిడ దవడ ముట్టుకోగానే అది గది అదిరేలా ఏడ్చింది. డాక్టరమ్మ ఎక్స్‌రే ఫొటో తీసి చూపించింది. చెవి లోపలి ఎముకలో గడ్డ, దవడ కీలు దాకా పాకింది.

"ఎప్పణ్ణించి ఇలా?"

ఆయన అన్నీ చెప్పాడు, తల వంపూ, రొట్టెముక్కలూ, మొదటి కాటూ.

"ఇన్నేళ్లు మెత్తగా ఉన్న ముసలి కుక్క ఉన్నట్టుండి కరిచిందంటే కోపం కాదండీ, ఎక్కడో నొప్పి. దానికి చెప్పుకునే దారి లేక కరుస్తుంది" అంది డాక్టరమ్మ.

"అప్పుడే తెచ్చుంటే బతికేదా?"

ఆవిడ దాచలేదు. "గడ్డ తగ్గేది కాదు. కానీ ఈ నొప్పి ఇంతలా ఉండేది కాదు. ఇంట్లోవాళ్లకి జాగ్రత్త చెప్పేదాన్ని."

రేబిస్ అనుమానం తీరడానికి పది రోజులు గమనించాలంది. ఆ పది రోజులూ కొట్టు వెనక సామాన్ల గదిలో ఉంచి, నొప్పి మాత్రలు వేశారు. మాత్ర పనిచేసినంతసేపూ అది పాత గొళ్లెమే. తలుపు తీయగానే తోక నేలకేసి కొట్టేది. ఆయనకి అది చూడటమే కష్టమైంది. మాత్ర బలం తగ్గగానే గోడకి తల ఆనించి మూలిగేది. ఇంటాయన రెండుసార్లు వచ్చి గుమ్మంలో నిలబడి, ఆమె కట్టు చూసి, షరతు మాట ఎత్తకుండా వెళ్లిపోయాడు.

పదకొండో రోజు, నొప్పి లేకుండా కన్నుమూసే సూది వేయించడానికి ఆయన దాన్ని తీసుకుని బయల్దేరుతుంటే ఆమె కూడా చెప్పులేసుకుంది.

"నువ్వెందుకే, ఈ స్థితిలో?"

"దాన్ని మీ ఒక్కరితో పంపను" అంది. అంతే.

డాక్టరమ్మ బల్ల మీద సూది వేస్తున్నంతసేపూ దాని నడుము మీద చెయ్యేసి ఉంచింది ఆమె. ఆయన కాళ్ల వైపు నిలబడ్డాడు. అది ఒకసారి పెద్దగా ఊపిరి వదిలి, ఇంక తీసుకోలేదు. పదకొండేళ్ల జీవం చిటికె వేసేలోగా అయిపోయింది.

ఆ తరవాత ఇంట్లో మాటలు అవసరానికే మిగిలాయి. రఫ్ఫు పని ఒక కంటితో సాగలేదు. సూదిలోకి దారం ఎక్కించడానికే పావుగంట. పోగు ఎంత లోతులో ఉందో అందేది కాదు. చిల్లులు కనబడటం మొదలెట్టాక కోట్లు రావడం మానేశాయి. ఆమె గుండీలు కుట్టే పనికి దిగింది.

కొట్టుకొచ్చినవాళ్లు రెప్ప మీది మచ్చ చూసి, అయ్యో, ఏమైందమ్మా అని అడుగుతారు. ఆమె ప్రతిసారీ ఒకే మాట చెబుతుంది, గొంతు పెంచకుండా. "మా కుక్క కరిచింది. దానికి చెవిలో జబ్బు. అంతకు ముందు ఈయన్నీ కరిచింది, ఈయన నాకు చెప్పలేదు."

వచ్చినవాళ్లు ఇబ్బందిగా ఆయన వైపు చూస్తారు. మొదట్లో ఆయన ఏదో పనున్నట్టు లేచి బయటికి పోయేవాడు. ఇప్పుడు కూర్చునే ఉంటాడు. ఆమె చెప్పడం అయ్యాక, అవునండీ అని, వాళ్ల తాళం చేతిలోకి తీసుకుంటాడు.