హస్తవాసి, అత్తగారి మంచం

ఆ ఊళ్లో రొట్టెలు కాల్చే ఆయన్ని అందరూ హస్తవాసి అంటారు. ఆ పేరు ఇంకొకరు పెట్టింది కాదు, తనకు తానే తగిలించుకున్నాడు. పిండి కలిపి తొట్టిలో వదిలేస్తే కాసేపట్లో అంచుదాకా పొంగేది. అదంతా ఎండ చలవ. ఈ మహానుభావుడు మాత్రం కొట్టుకి వచ్చిన వాళ్లకల్లా చేతులు చాపి చూపించి కోతలు కోసేవాడు. రొట్టె బావుంటుంది కదా అని జనం భరించేవారు.

ఈసారి పండగ ఎల్లుండి అనగా చలి చెప్పాపెట్టకుండా ఊడిపడింది. సన్నగా ముసురు, పైన ఈదురుగాలి. ఆరేసిన బట్టలు ఆరడం లేదు, కుక్కలు పొయ్యి బూడిదలోంచి కదలడం లేదు. ఇంటింటికీ చుట్టాలొచ్చారు, ఇంటింటికీ రొట్టెలు కావాలి. పక్కూళ్లో కొత్త బేకరీ ఒకటి వెలిసింది. పండగ నాడు రొట్టె అందకపోతే ఊరంతా అక్కడికే పోతుంది, పోయినవాళ్లు మళ్లీ తిరిగి రారు.

తొట్టిలో పిండి చూస్తే రాయిలా పడుంది. వేన్నీళ్లతో కలపమని భార్య చెప్పింది. తనకే పాఠాలా అని ఉక్రోషమొచ్చి, మరిగే నీళ్లు కుమ్మరించాడు. ఆ తొట్టి కాస్తా ఉడికి ఊరుకుంది. పులియబెట్టడానికి దాచిన ముద్ద ఇక ఒక్క తొట్టికే మిగిలింది, దాంతో మళ్లీ పిండి కలిపాడు. పోనీ పొయ్యి రగిలించి దాని పక్కన పెడదామంటే కట్టెలు తడిశాయి. ఉన్న నాలుగు పొడి కట్టెలూ రొట్టెలు కాల్చడానికే బొటాబొటి.

అంత చలిలోనూ ఆ ఇంట్లో వెచ్చగా ఉన్న చోటు ఒక్కటే, అత్తగారి మంచం. చలి మొదలవగానే మంచమెక్కిన ఆవిడ మళ్లీ దిగలేదు. తిండి దండగ మనిషంటూ ఆవిడకి వినపడేలా రోజూ సణుగుతూనే ఉన్నాడు. పండగ మర్నాడే బస్సెక్కించాలని తీర్మానం కూడా చేసేశాడు.

"తొట్టి పక్కలో పెట్టుకోమని మీరే వెళ్లి అడగండి. నాకు సిగ్గుగా ఉంది" అంది భార్య.

చచ్చినట్టు తొట్టి ఎత్తుకుని వెళ్లాడు. ఆవిడ దుప్పటి ఎత్తి, గోడవైపు జరిగింది. సాయంత్రానికల్లా పిండి బుసబుసా పొంగి మూత తోసేసింది. పండగ నాటి రొట్టెలు దూదిలా వచ్చాయి. ఊరంతా మెచ్చుకుంటుంటే ఈయన సిగ్గూ ఎగ్గూ లేకుండా మళ్లీ చేతులే చాపి చూపించాడు. లోపలి గదిలో అత్తగారు అంతా వింటూనే ఉంది.

మర్నాడు ముసురు తగ్గింది గానీ చలి ఇంకా ముదిరింది. హస్తవాసికి గుండెల్లో రాయి పడింది. ఇంకా చలికాలమంతా ముందుంది. సంచీ సర్దుకున్న అత్తగారి వెంట బస్సు దాకా పరిగెత్తాడు.

"అత్తయ్యగారూ, చలి తగ్గేదాకా ఉండిపోండి."

"ఎందుకు బాబూ? పిండి కోసమా, నా కోసమా?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పుట్టి బుద్ధెరిగాక దాన్ని బయటికి వదిలిన అలవాటు లేదాయె. మొహాన ఇంత నవ్వు పులుముకుని, "ఎంత మాట! మీ కోసమే. మీరు లేకపోతే ఇల్లు బోసిపోదూ?" అన్నాడు.

ఆవిడ ఒక కాలు బస్సు మెట్టు మీద పెట్టి, వెనక్కి తిరిగింది.

"పిండి కోసమని చెప్పుంటే ఉండేదాన్ని బాబూ. ఇన్నాళ్లకి ఒక పనికొచ్చానని సంతోషపడ్డాను."

బస్సు వెళ్లిపోయింది.

ఆ చలికాలమంతా అత్తగారి మంచంలో హస్తవాసే పడుకున్నాడు, తొట్టిని పొట్టకి కరుచుకుని. కదిలితే పిండి దిగిపోతుందని కదిలేవాడు కాదు. కొట్లో భార్య కూర్చునేది. ఆయనేడీ అని ఎవరైనా అడిగితే, లోపల పిండి పక్కన పడుకున్నారని ఉన్నదున్నట్టు చెప్పి రొట్టె చేతికిచ్చేది.