ఆయన వంతు కల్లు

పెద్ద లడాయి, అదే ప్రపంచ యుద్ధం, నడుస్తున్న ఆ రోజుల్లో సిద్దిపేట దొరలు సాయంత్రం ఏ బంగళాలో కూర్చుని ఏం తాగేవారో నాకు తెలియదు. మాకు మాత్రం పొద్దుగూకడమంటే తాటివనమే. పగలంతా మగ్గం గుంటలో కూర్చుని నడుములు పట్టేశాక మామ, అత్త, మా ఆయన, నేను ఊరి బయటికి నడిచేవాళ్లం. తాటాకును మడిచి రేక చేసి మూతికి ఆనించుకుంటే, చెట్టు గీసే గౌండ్లాయన లొట్టి వంచి అందులో కల్లు పోసేవాడు. నాకు రేక మడవడం చేతకాదు. నేను మడిస్తే సగం కల్లు చీర మీదే కారేది. అందుకని నా రేక ఎప్పుడూ ఆయనే మడిచేవాడు.

"నా పెండ్లాం కన్నా దాని చీరే ఎక్కువ తాగుతది" అని అందరి ముందే ఏడిపించేవాడు. కోపం వచ్చేది. ఆ కోపం కూడా ఎంత బాగుండేదో!

నూలు దొరక్క మగ్గం ఆగింది. ఆయన బొంబాయిలో బట్టల మిల్లు పనికి పోయాడు. దసరాకు వస్తానన్నాడు. ఆ దసరా పోయింది, మళ్లీ దసరా కూడా పోయింది. అటు వెళ్లొచ్చినవాళ్లను అడిగితే ఎక్కడా కనబడలేదన్నారు.

మాలో ఒక అలవాటుంది. తాగేముందు చనిపోయిన పెద్దలను తలుచుకుని నేల మీద నాలుగు చుక్కలు విదిలిస్తాం. ఒక సాయంత్రం అత్త అలాగే తన అత్తమామలకు విదిలించింది. ఆ ధ్యాసలోనే, "నా కొడుక్కు గీ చెట్టు కల్లంటే పానం" అంటూ రేకలో మిగిలిందంతా నేల మీద పోసేసింది.

మామ కల్లులో నంజుకోవడానికి నోటిదాకా తీసుకుపోయిన ఉడికిన గుడాలు చేతిలోనే ఉండిపోయాయి. గౌండ్లాయన మొహం తిప్పుకున్నాడు. ఏం చేసిందో అప్పుడు తెలిసి అత్త ఆ తడి మట్టిని రెండు చేతులతో ఎత్తబోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏందత్తా గిది? ఆయన సచ్చిండని నీకెవరు చెప్పిన్రు?"

"చెయ్యి జారింది బిడ్డా" అని ఏడ్చింది.

"ఆయన వంతు నాకు పొయ్యి. నేను తాగుత" అని గౌండ్లాయనతో అన్నాను. రేక నేనే మడిచాను. సగం చీర మీదే పడింది. నవ్వడానికి ఆయన లేడు.

అప్పటినుంచి రోజూ ఆయన వంతు నేనే తాగాను. తాగుబోతుదని ఊరు చెవులు కొరుక్కుంది. కొరుక్కోనీ. అత్త మాత్రం, "ముందు వానిది పొయ్యి" అని గౌండ్లాయనకు తనే చెప్పేది.

అత్తామామలు ఇప్పుడు లేరు. వనానికి పోయినప్పుడల్లా ఇద్దరికీ చుక్కలు విదిలిస్తాను. ఆయన తలపు వచ్చేసరికి చెయ్యి నేలకు దిగదు, నోటి దగ్గరికే పోతుంది.

రేక మడవడం ఈపాటికి వచ్చి ఉండాలి. నేర్చుకోలేదు. ఆయన వస్తే, ఆ పని ఆయనకు ఉండాలి కదా.