సగం తువ్వాలు

మా ఆయన తువ్వాలును నేను కత్తెరతో అడ్డంగా రెండు ముక్కలు చేసిన రోజున ఆయన నాతో మాట్లాడలేదు. అన్నం కూడా వాళ్ళమ్మ చేతే పెట్టించుకున్నాడు. మొగుడి తలగుడ్డకు కత్తెర పెట్టిన ఆడదాన్ని మా పేటలో అంతకుముందు ఎవరూ చూసి ఉండరు. నాకు నోరెక్కువని ఎప్పటినుంచో పేరు. ఆ రోజుతో చెయ్యి కూడా ఎక్కువేనని తేలిపోయింది.

అప్పట్లో, ఎనభైల్లో, మేమిద్దరం నరసరావుపేటలో ఒక పత్తి మిల్లులో పనిచేసేవాళ్ళం. పల్నాడు నల్లరేగడంతా పత్తే. బొల్లాపల్లి నుంచి, నూజెండ్ల నుంచి వచ్చిన బళ్ళూ ట్రాక్టర్లూ మిల్లు గేటు ముందు బారులు తీరి ఉండేవి. మేం ఆడవాళ్ళం మిషన్ల ముందు కూర్చుని పత్తి వేస్తుంటే దూది ఒకవైపు, గింజ ఒకవైపు పడేది. మా వెనకే షెడ్డు పొడవునా, నడుమెత్తున, ఇనుప షాఫ్టు తిరుగుతుండేది. దాన్నుంచి ఒక్కో మిషనుకూ ఒక్కో బెల్టు. బెల్టు జారిపోతే కర్రతో తోసి మళ్ళీ చక్రం మీదికి ఎక్కించడం మగవాళ్ళ పని. అదీ మిల్లు తిరుగుతుండగానే. ఆపితే పని పోదూ! షాఫ్టుకు గానీ బెల్టులకు గానీ ఏ అడ్డమూ ఉండేది కాదు. పత్తి దుమ్ములో అవి కనపడను కూడా కనపడేవి కావు, చప్పుడే వినపడేది.

మా పక్కింటాయన ఒకాయన ఉండేవాడు, వరసకు బాబాయి. బెల్టుల దగ్గర చానా ఏళ్ళ నుంచి ఉన్న మనిషి. ఆయన భార్యను పిన్నీ అని పిలిచేదాన్ని. ఆమె నా పక్క మిషను మీదే కూర్చునేది. బాబాయి పొద్దున్నే షెడ్డులోకి రాగానే మొదట చేసే పని తువ్వాలును తలకు బిగించి చుట్టుకుని, కొసను లోపలికి దోపుకోవడం. ఎంత గట్టిగా చుట్టేవాడంటే సాయంత్రం విప్పేసరికి నుదుటి మీద గీత పడి ఉండేది.

కానీ మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పెద్దవాళ్ళు ఎదురుపడితే తలగుడ్డ తీసి భుజాన వేసుకోవాలి. చుట్టుకుని అలాగే నిలబడితే పొగరు కింద లెక్క. మిల్లు యజమానిని మేమంతా అయ్యగారు అనేవాళ్ళం. ఆయన చెడ్డవాడేం కాదు, ఎవరినీ తలగుడ్డ తీయమని అడిగిన పాపాన పోలేదు. తీయొద్దని కూడా ఎప్పుడూ అనలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన ఎవరో బేరగాళ్ళను వెంటబెట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. బాబాయి అప్పుడే బెల్టు ఎక్కించి ఇటు తిరిగాడు. అయ్యగారిని చూడగానే గబగబా తలగుడ్డ విప్పి భుజాన వేసుకుని, నడుం వంచి దణ్ణం పెట్టాడు. వంగినప్పుడు తువ్వాలు కొస వెనక్కి, షాఫ్టు మీదికి జారింది. వెనక్కి తిరిగి ఉన్న నేను చూశాను. అమ్మా అని అరిచేలోపల ఆయన అక్కడ లేడు. మిల్లు ఆపడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలీదు. ఆపిన తర్వాత చూసింది మాత్రం రాయను. పిన్ని ఒళ్ళో పత్తి అలాగే ఉంది.

"తలగుడ్డ వదులుగా చుట్టుకున్నాడయ్యా, ఏం చేస్తాం" అని మిల్లు మేస్త్రీ పోలీసులకు చెప్పాడు.

"వదులేంది? గట్టిగానే చుట్టుకున్నాడు. మిమ్మల్ని చూసే విప్పాడు" అన్నాను అయ్యగారితో, అందరి ముందూ.

అయ్యగారు తల దించుకున్నాడు. మేస్త్రీ నన్ను చూసిన చూపుకు పక్కనున్న ఆడవాళ్ళు నా కొంగు పట్టి వెనక్కి లాగారు. తర్వాత షాఫ్టుకు నిమ్మకాయల దండ కట్టారు, గుమ్మడికాయ కొట్టారు, ఒక పోతును కోశారు. గుంటూరు నుంచి తనిఖీకి ఒకాయన వస్తే మిల్లు ఆపి చూపించారు. ఆగిన షాఫ్టు పాపం ఎవరిని ఏం చేస్తుంది? మిల్లులో ఫిట్టరుగా పనిచేసే సాయిబు మాత్రం షాఫ్టుకు అడ్డంగా తీగల జాలీ కట్టిద్దామని అడిగాడట. జాలీ ఉంటే బెల్టు జారినప్పుడల్లా తీసి పెట్టాలి, పని సాగదు, వచ్చే సీజనుకు చూద్దాం అన్నారు.

బాబాయి చోట్లో మా ఆయన్ని పెట్టారు.

ఆ రోజు నుంచి నాకు పత్తి మీద ధ్యాస లేదు. చెవులు వెనక్కే ఉండేవి. అయ్యగారు షెడ్డులోకి వస్తే చేతిలో పత్తి వదిలేసి వెనక్కి తిరిగి చూసేదాన్ని. ఇంటికొచ్చాక రోజూ పోట్లాటే.

"తలగుడ్డ తీయమాకయ్యా, నీకు దణ్ణం పెడతా."

"తీయకుండా ఎట్టా ఉంటానే? ఆయన ముందు రాజాలాగా నిలబడమంటావా?"

"నిలబడితే ఏంది? తల తీస్తాడా?"

"నీకు తెలవదు, ఊరుకో."

ఊరుకుంటే నేనెందుకవుతాను! అప్పుడే కత్తెర తీశాను. సగం చేస్తే తలకు ఒక్క చుట్టు వస్తుంది, ముడి వేసుకోవచ్చు. తీసి భుజాన వేసుకున్నా వెనక్కి వేలాడదు. ముక్కుతూ మూలుగుతూ దాన్నే కట్టుకుని పోయాడు. మిల్లులో ఒకటే ఎగతాళి. "ఏరా, నీ పెళ్ళాం జాకెట్టుకు గుడ్డ చాల్లేదా?" అని మేస్త్రీ అడిగితే షెడ్డంతా నవ్వింది. పిన్ని ఒక్కతే నవ్వలేదు. బొట్టు లేని ఆ మొహంతో నా వైపు చూసి తల ఊపింది. అలా ఆ సీజను ఎలాగో గట్టెక్కింది.

మరుసటి సీజను మొదలుపెట్టే రోజున ఎప్పటిలాగే మిషన్లకు పూజ చేశారు. ఏటా అయ్యగారు బెల్టుల దగ్గర మగవాళ్ళకు తలా ఒక కొత్త కండువా కప్పేవాడు. ఆ కండువా భుజాన ఉండగానే మొదటి బెల్టు ఎక్కించాలి, అది శుభమని. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా ఆ గుడ్డకూ భయపడాలని అప్పటిదాకా తట్టలేదు.

మేళం మోగుతోంది. అయ్యగారు మా ఆయనకు జరీ అంచు కండువా కప్పాడు. నిలువెత్తు కండువా. రెండు కొసలూ తొడల దాకా వేలాడుతున్నాయి. మా ఆయన సగం తువ్వాలు తీసి జేబులో కుక్కుకుని, ఎంత సంబరంగా దణ్ణం పెట్టాడో! స్విచ్చి వేశారు. షాఫ్టు కదిలింది. మా ఆయన కర్ర తీసుకుని బెల్టు వైపు వంగాడు.

నేను పట్టుకున్న హారతి పళ్ళెం ఎవరి చేతిలో పెట్టానో గుర్తులేదు. పోయి ఆ కండువా పట్టుకుని ఒక్క లాగు లాగాను. మా ఆయన వెనక్కి పడబోయి నిలదొక్కుకున్నాడు. కండువా కొబ్బరినీళ్ళలో, కుంకంలో పడింది. మేళం ఆగిపోయింది.

"అయ్య కప్పిన గుడ్డ నేల పాలు చేస్తావటే?" అని మేస్త్రీ కేక వేశాడు.

"నా మొగుణ్ణి నేల పాలు చేయటం కంటే నయమే" అన్నాను.

మా ఆయన చెయ్యెత్తాడు. కొట్టలేదు, ఎత్తిన చెయ్యి అలాగే దించుకుని బయటికి వెళ్ళిపోయాడు. మమ్మల్నిద్దర్నీ మర్నాటి నుంచి రావద్దన్నారు. ఆయన బస్తాలు మోసే కూలికి పోయాడు. నలుగురిలో పరువు తీశానని ఇప్పటికీ తిడతాడు. అరుగు మీద కూర్చుని, చుట్ట కాలుస్తూ, నెరిసిన మీసం దువ్వుకుంటూ తిడతాడు. తిట్టనీ. తిట్టడానికి ఉన్నాడు.

మా ఆయన ఖాళీ చేసిన పని పిన్ని కొడుక్కి ఇచ్చారు. తండ్రి పోయిన ఇల్లు కదా అని జాలిపడి ఇచ్చారని మేస్త్రీ చెప్పుకున్నాడు. పెళ్ళై ఏడాది కూడా కాని పిల్లాడు. వద్దనడానికి పిన్నికి ఇల్లు గడవాలిగా! ఆ సాయంత్రం ఆమె వాడి తువ్వాలు పట్టుకుని మా ఇంటికొచ్చింది.

"నీ చేత్తోనే కత్తిరించవే. నీ చెయ్యి మంచిది" అంది.

కత్తిరించి ఇచ్చాను. వాడు తండ్రిలా కాదు, తల్లి మాట వినేవాడు. ఎవరు నవ్వినా ఆ సగం గుడ్డే కట్టుకున్నాడు. అయ్యగారు వస్తే విప్పి జేబులో పెట్టుకునేవాడు. పిన్ని రోజూ వచ్చి ఆ సంగతి నాకు చెప్పి వెళ్ళేది.

చలికాలం వచ్చింది. ఒక పొద్దున వాడు పొడుగు చేతుల చొక్కా వేసుకుని పనిలోకి పోయాడు. చలికి ఎవరైనా అదే వేసుకుంటారు. బెల్టు ఎక్కిస్తుంటే షాఫ్టు చొక్కా చెయ్యి అంచును పట్టుకుని వాణ్ణీ తండ్రి లాగే తీసుకుపోయింది. సగం తువ్వాలు తల మీద కట్టింది కట్టినట్టే ఉందట.

తువ్వాలు కత్తిరించాం. చొక్కా చేతులు కూడా కత్తిరించాలని మాకెట్లా తెలుస్తుంది? తర్వాత పంచె కత్తిరించాలి, ఆ తర్వాత జుట్టు. మనిషిని ఎంతని కత్తిరించుకుంటూ పోతాం? ఆ చచ్చిన షాఫ్టును మాత్రం ఎవరూ ఏమీ అనకూడదు!

ఈసారి మిల్లు కొన్నాళ్ళు మూశారు. పైనుంచి గట్టి మాట వచ్చిందన్నారు. మళ్ళీ తెరిచిన రోజున పిన్ని మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఇంట్లో కోడలుంది, తిండి కావాలి, పనిలోకి పోక తప్పదు.

"ఒక్కదాన్నే లోపలికి పోలేనే. తోడు రావే" అంది.

నన్ను రావద్దన్న మిల్లే అయినా వెళ్ళాను. గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. మేస్త్రీ నన్ను చూసి పక్కకు తిరిగాడు. షెడ్డులో షాఫ్టు చుట్టూ ఇనుప చట్రాలు, వాటికి కోళ్ళగూటికి కొట్టే రకం తీగ జాలీ. బెల్టుల దగ్గర తలుపుల్లా తెరుచుకునేట్టు చేశారు. వాటికి ఆకుపచ్చ రంగు వేసి, పసుపూ కుంకం పెట్టారు. లోపల షాఫ్టు తిరుగుతూనే ఉంది. సాయిబు ఒక మూల బోల్టు బిగిస్తూ మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

పిన్ని దగ్గరికి పోయి జాలీ మీద అరచెయ్యి ఆనించింది. నెట్టి చూసింది. అది కదల్లేదు.

"దీన్ని చేయటానికి ఎన్నాళ్ళు పట్టింది నాయనా?" అని అడిగింది.

సాయిబు నేల వైపు చూస్తూ, "ఒక్క పూటమ్మా" అన్నాడు.

పిన్ని చెయ్యి తీయకుండా నా వైపు తిరిగింది. ఏడవడం లేదు. నిజంగానే తెలియక అడుగుతున్నట్టు అడిగింది.

"ఇంతేనా ఏందే?"