గంజి కుండలో ఆకు పసరు

అరవైల మొదట్లో నేను హైదరాబాద్‌లో ఒక ప్రయోగశాలలో పనిచేసేవాణ్ని. చర్మానికి పట్టే ఫంగస్‌ను గాజు పళ్లేల్లో పెంచడం, ఏ ఆకు పసరు దాన్ని ఆపుతుందో చూడటం నా పని. బూజు పెంచితే జీతమిస్తారంటే మా ఊళ్లో ఎవరూ నమ్మేవారు కాదు. ఎవరు నవ్వినా నేను పట్టించుకోలేదు. నా పట్టుదలంతా నన్ను కన్న మా అవ్వ చేతుల కోసం.

మాది కరీంనగర్ దగ్గర మగ్గాల ఊరు. బాపు నేసేవాడు, అవ్వ నేతకు ముందు నూలు చిట్టాలను, అంటే నూలు కట్టలను, గంజిలో పిసికేది. పొద్దస్తమానం తడే. వేళ్ల సందుల్లో తోలు తెల్లగా నాని, పగిలి, పుండ్లయ్యాయి. నేను తెచ్చిన పట్నం మందులేవీ పనిచేయలేదు. వేళ్లు వంగకుండా పోతాయేమోనని నాకు లోలోపల భయం.

ఆదిలాబాద్ వైపు తామరకు సీమఅవిసె ఆకు రుద్దుతారని విని, తెప్పించి నూరాను. పసరు పోసిన పళ్లెంలో ఫంగస్ పెరగలేదు! సంతోషం పట్టలేక సీసా నింపుకుని ఊరికి పోయాను.

"అవ్వా, గిది ఎసుంటి బూజునైనా సంపుతది. చేతులకు రాసుకో" అన్నాను.

వానాకాలంలో గంజి పెట్టిన నూలుకు బూజు పట్టడం మా ఇళ్లలో మామూలే. అవ్వకు తన వేళ్ల కన్నా నూలే ముఖ్యం. రెండు చుక్కలు చేతులకు రాసుకుని, సీసా అంతా గంజి కుండలో ఒంపేసింది. ఆ గంజి పెట్టిన తెల్ల ధోతుల నూలు కాస్తా ఆరేసరికి ఆకుపచ్చగా తేలింది.

బాపు తల పట్టుకున్నాడు. "గిదేం పనే? నీకు దండం పెడ్త, ఇగ గంజి కుండ ముట్టకు. నేనే పెట్టుకుంట."

సీసా తెచ్చిన పెద్దమనిషిని నేనే కాబట్టి, ఆ పూటే బస్సెక్కాను.

మళ్లీ సెలవుకు వచ్చినప్పుడు అవ్వ నన్ను పెరట్లోకి పిలిచి చేతులు చాపింది. పుండ్లన్నీ మానాయి. వేళ్ల సందుల్లో కొత్త తోలు వచ్చింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఎన్నేళ్ల భయమో ఒక్కసారిగా వదిలింది.

చేతులకు పడిన పసరు రెండు చుక్కలే, మిగతాదంతా ఆనాడే కుండలో పోయింది. అవ్వ గంజి ముట్టడం మానేసిందీ ఆనాటి నుంచే. ఇన్నాళ్లూ నేను గాజు పళ్లేల్లో వెతికిన మందు చేతులు పొడిగా ఉండటమేనన్నమాట! ఆ సంగతి బాపుకు చెబుదామని లోపలికి నడవబోతే అవ్వ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"జర ఊకో కొడుకా. మానినయని తెలిస్తే గా కుండ మల్ల నాకే అప్పజెప్తడు. లగ్గమైన కాన్నుంచి నా చేతులు గిట్ల పొడిగ ఉన్నది నేను సూడనే లే."