ఖాతాలో మిగిలిన వడ్డీ

నా భర్త దస్తగిరి ఆళ్లగడ్డలో దూది ఏకి పరుపులు కుట్టేవాడు. 2004లో నంద్యాల లాడ్జివాళ్లు పరుపుల డబ్బు బ్యాంకులోనే వేస్తామంటే ఖాతా తెరిచాడు. దాంతోపాటే మిషన్లో పెట్టి డబ్బు తీసుకునే కార్డూ వచ్చింది.

ఆరు నెలలకోసారి వడ్డీ పడేది. మా మతంలో అది ముట్టకూడదు. బస్సెక్కి నంద్యాల పోయి, వడ్డీ ఎంతో బ్యాంకు గుమాస్తా శేషయ్యతో చెప్పించుకుని, సరిగ్గా అంతే తీసి లేనివాళ్లకు ఇచ్చి వచ్చేవాడు. పుణ్యానికి కాదు, వదిలించుకోవడానికి.

"ఏమప్పా దస్తగిరీ, కార్డుకని మేము ఏడాదికి యాభై కోస్తాండాం గదా. వడ్డీ దాంట్లోకి చెల్లు అనుకోరాదా?" అన్నాడంట శేషయ్య.

"అట్లెట్లన్నా? మీ మిషను పని చేస్తాంది, కూలి తీసుకుంటాండారు. నేనేం పని చేసినానని నాకిస్తాండారు?"

"నీలాంటోళ్లు నలుగురుంటే మా బ్యాంకు బంగారమైతాది పో!"

ఇంటికొచ్చి ఆ మాట చెప్పి నవ్వాడు.

2007లో దగ్గు పట్టుకుంది. ముప్పై ఏళ్లు పీల్చిన దూది దుమ్ము. పని తగ్గింది, నంద్యాల పోవడమూ తగ్గింది. మరుసటి వేసవిలో డాక్టరు రొమ్ముకు స్కానింగ్ రాశాడు. అంతా ఊడ్చినా నాలుగు వందలు తక్కువ. మూడుసార్ల వడ్డీ మాత్రం, నాలుగు వందల పైనే, ఖాతాలో అట్లే ఉంది.

"అది తీసి స్కానింగ్ తీయించుకో. బాగైనాక లేనోళ్లకు ఇచ్చేద్దాం" అన్నాను.

"ఆ దుడ్లు నాకొద్దు. లాడ్జివాళ్లు వేసేదాకా ఆగుదాం."

"వాడుకోవచ్చేమో మసీదు ఇమాం గారినన్నా అడుగు."

"ఏమని అడగల్ల? నాలుగు నూర్లకు గతిలేనోన్నైనానని చెప్పల్లనా?"

డాక్టరు రాసిచ్చిన తొమ్మిదో రోజు పోయాడు. స్కానింగ్ తీసుంటే బతికేవాడో లేదో నాకు తెలియదు.

నలభయ్యో దినం ఫాతెహా చదవడానికి వచ్చిన ఇమాం గారికి ఇదంతా చెప్పాను.

"లేనోళ్లకు ఇయ్యమని చెప్పేది మేమే గదమ్మా. ప్రాణం మీదికొచ్చి, చేతిలో లేనప్పుడు ఆ లేనోడు ఆయనే. తీసుకోవచ్చు. ఒక్క మాట అడిగింటే చాలు."

మా ఆయన అడగలేదు, సరే. ఇమాం గారి భార్య బీజాన్, నేనూ ఒకే కొళాయి దగ్గర బిందెలు పెడతాం. ఆ తొమ్మిది రోజులూ నీళ్లు నిండేదాకా మాట్లాడుకున్నాం. చింతపండు ధర గురించి, వాళ్ల కోడలి పురుడు గురించి. మా ఇంట్లో నాలుగు వందలు లేవని మాత్రం ఆమెతో నేనూ చెప్పలేదు.