రాగిపిండి తలంటు

పోయిన వారం మా అక్క సీమంతం ఫోటోలు గ్రూపులో పెట్టానే, చూశారా? అందరూ పట్టుచీరలు కట్టుకొని, పూలు పెట్టుకొని నవ్వుతూ ఉంటే, వెనక వరసలో ఒకత్తె తలకు ఎర్ర తుండు చుట్టుకొని నిలబడి ఉంటుంది. అది నేనే! "జ్వరమా శైలా?" అని ఒకరు, "ఏదైనా మొక్కా?" అని ఇంకొకరు మెసేజ్ పెట్టారు. గుండు కొట్టించుకున్నానేమో అని అనుమానపడిన మహానుభావులు కూడా ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక నాకు లేదు. టీ పెట్టుకొని కూర్చోండి, మొత్తం ఒకేసారి చెప్పేస్తా.

ముందు నా తల సంగతి. పొద్దున కడిగితే సాయంత్రానికి జిడ్డు. పుట్టినప్పటి నుంచీ అంతే. ఎర్రమంచి దగ్గర కంపెనీలో నాది క్వాలిటీ చెకింగ్ పని కదా, షిఫ్టంతా తలకు టోపీ. ఆ టోపీ తీసినప్పుడల్లా పక్క టేబుల్ లక్ష్మి, "నీ తల పిండితే మా ఇంట్లో తాలింపుకు సరిపోతాది కదమ్మా!" అంటుంది. నవ్వుతాను. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే మాత్రం నవ్వు రాదు.

ఆ మధ్య పుట్టింటికి హిందూపురం పోయినప్పుడు చర్మం డాక్టరమ్మకు చూపించుకున్నా. ఆమె నా జుట్టు పాయలు తీసి చూసి, "నూనె ఎవరు పెడుతున్నారు?" అంది, దొంగను పట్టుకున్నట్టు.

"మా అత్త మేడమ్. ప్రతి శుక్రవారం."

"నీ తల దానంతట అదే నూనె తీస్తా ఉంది. పైనుంచి మళ్ళీ పోస్తే చుండ్రు రాకుండా ఏమొస్తుంది? రోజు మార్చి రోజు ఘాటు లేని షాంపూతో కడుగు. మాడుకు నూనె వద్దు. చివర్లు మరీ ఎండిపోతే అక్కడ రవ్వంత రాసుకో. ఊరికే దువ్వొద్దు, గోళ్ళతో గీకొద్దు."

ఎంత తేలికైన వైద్యమో చూడండి! మాత్రల్లేవు, సూదుల్లేవు. కష్టమల్లా ఒక్కటే. మాడుకు నూనె వద్దనే మాట మా అత్తకు చెప్పాలి.

మా అత్తను మీరు చూడలేదు. ధర్మవరంలో మా ఇంట్లో ముందు గదంతా మగ్గమే. మామ నేస్తాడు, అత్త రాట్నం తిప్పి కండెలకు దారం చుడుతుంది. తెల్లవారితే మొదలు, పొద్దుగూకేదాకా ఆ రాట్నం దగ్గరే. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఉన్నది మా ఆయనతో కలిపి ఇద్దరు కొడుకులు, ఆడపిల్లల్లేరు. నేను కాపురానికి వచ్చిన మొదటి శుక్రవారమే పీట వేసి, ఆముదం కలిపిన కొబ్బరినూనె గిన్నెలో వెచ్చచేసుకొని, "రా పాపా, కూర్చో" అంది. కూర్చున్నా. ఆ రోజు నుంచి ఒక్క శుక్రవారం కూడా తప్పలేదు. 'కూతురు లేని మనిషి, నా తల చూసుకొని మురిసిపోతోంది' అని నాకు నేనే అనుకున్నా. అనుకున్నాక ఇంక ఎలా వద్దంటాం చెప్పండి?

డాక్టరమ్మ దగ్గర్నుంచి వచ్చాక చెబుదామనే చూశా. నిజంగా! ఒకసారి నోరు తెరిచానో లేదో, అత్త తన పుట్టిల్లు గురించి ఎత్తుకుంది. ఆమడగూరు పక్క పల్లె ఆమెది. చిన్నప్పుడు చెనక్కాయలు పీకను పోతే చేలో పాము కనబడిందట, వాళ్ళ నాయన కంటే ముందు ఈమే పరుగెత్తిందట. వారమంతా నోరు విప్పని మనిషి ఆ కాసేపూ నవ్వుతూ చెబుతుంటే, మధ్యలో అడ్డం వెళ్ళి "అత్తా, డాక్టరు నూనె వద్దనింది" అని ఎలా అనేది? గమ్మునున్నా. ఆమె మనసు నొప్పించే పాపం నాకెందుకులే అనుకున్నా. నా మాడు మాత్రం దురదతో పాపం అనుభవిస్తూనే ఉంది.

ఇక పోయిన వారం శుక్రవారం. పెనుకొండలో అక్క సీమంతం. ఎండ ముదరకముందే బయలుదేరాలని అత్త తెల్లవారుతూనే పీట వేసింది. ఆ రోజు రెండు చేతులా నూనె ఎక్కువే పోసింది, పండగ కదా! పెట్టడం అయిపోయింది. కుంకుడుకాయలు నానిపోయాయి. మోటారు వేస్తే గుర్రుమని ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. కాలిన వాసన. కుళాయి నీళ్ళు మరుసటి రోజు గానీ రావు. పక్కింటోళ్ళు ఊర్లో లేరు. ఉన్న బిందెల్లో నీళ్ళు తలా ఒక చెంబు చొప్పున ఒళ్ళు తుడుచుకోవడానికే సరిపోయాయి.

"ఏం కాదులే పాపా, నూనె తలతోనే జడేసుకో. నున్నగా నిగనిగలాడతా ఉండాది" అంది అత్త.

నిగనిగలాడటం కాదండీ, తలకు వంటనూనె ప్యాకెట్ చిట్లినట్టుంది! అక్కడ ఫోటోగ్రాఫర్ వస్తాడు, హిందూపురం చుట్టాలంతా వస్తారు. గదిలోకి పోయి తలుపేసుకొని ఫోన్ తీశా. నీళ్ళు లేకుండా జిడ్డు వదిలించడం ఎలా? ఒక పాప వీడియోలో చకచకా చెప్పేసింది. మొక్కజొన్న పిండి పాపిటల్లో చల్లి, కాసేపాగి, దులిపేసుకుంటే సరి. పిండి నూనెను పీల్చేస్తుందట. "మీ జుట్టు నల్లగా ఉంటే తెల్లగా కనబడకుండా కాస్త కోకో పౌడర్ కలపండి ఫ్రెండ్స్!"

మా అత్త వంటింట్లో కోకో పౌడరా! మొక్కజొన్న పిండి కూడా లేదు. బియ్యప్పిండి ఉంది గానీ అది చల్లుకుంటే అక్కకంటే ముందు నాకే ముసలితనం వస్తుంది. అప్పుడు కనబడింది, మూలన పెద్ద స్టీలు డబ్బా. రాగిపిండి! మెత్తగా మరపట్టించినది. తెలుపూ కాదు, నలుపూ కాదు. నా జుట్టు కోసమే పుట్టినట్టు ఉంది. రోజూ పదిమంది పనిలో తప్పులు వెతికే దాన్ని, నా తెలివికి నేనే మురిసిపోయా.

పౌడర్ పఫ్‌తో అద్దుకున్నా. నిజం చెప్పాలంటే అద్భుతంగా పనిచేసింది! జిడ్డంతా మాయం. జుట్టు పొంగి, ఎన్నడూ లేనంత ఒత్తుగా కనబడింది. నూనె ఎక్కువ ఉంది కదా అని ఇంకొంచెం, వెనక వైపు ఇంకొంచెం. దులపడం దగ్గరే కొంచెం కక్కుర్తి పడ్డా. ఒత్తుగా ఉంది కదా, ఉండనీలే అనుకున్నా. మామ నేసిన నెమలికంఠం రంగు పట్టుచీర కట్టుకొని బయటికొస్తే, అత్త నన్ను చూసి, "చూసినావా, నూనె పెడితే జుట్టు ఎట్లా ఎత్తుగా ఉండాదో!" అంది. నేను తల కదలకుండా చెప్పులు వేసుకున్నా.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా. గాలి తగిలే కొద్దీ వెనక సీటాయన తుమ్ముతూనే ఉన్నాడు. "దుమ్ము అప్పా, ఈ రోడ్డంతా దుమ్మే!" అని ఆయన రోడ్డును తిట్టుకున్నాడు. నేనూ అవునన్నట్టు తలూపబోయి, ఆపుకున్నా.

పెనుకొండలో అక్క వాళ్ళింటి గడపలో అక్క అత్తగారు పన్నీటి బుడ్డి పట్టుకొని నిలబడి ఉంది. ఒకరిద్దరి మీద చల్లినట్టు చల్లి ఊరుకోవచ్చు కదా! "చెల్లెలు వచ్చింది" అని ప్రేమ ఎక్కువై నా నెత్తిన కుండపోతగా కురిపించింది. లోపల హాలు నిండా జనం. దీపాలు ఆరతాయని ఫ్యాన్లు ఆపేశారు. పైన పన్నీరు, లోపల చెమట, అడుగున ఆముదం. మధ్యలో రాగిపిండి.

అక్క చేతికి గాజులు తొడుగుతున్నా. ముంజేతి మీద టప్‌మని ఒక చుక్క పడింది. గోధుమరంగు. తుడుచుకున్నా. నుదుటి మీదనుంచి ఇంకొకటి. మెడ వెనక ఏదో చిన్నగా పాకుతోంది. పక్కనున్న చిన్న పాప, "అమ్మా, ఈ ఆంటీ తలలో నుంచి చాక్లెట్ కారతాంది!" అని గట్టిగా అరిచింది. చీర మీద పడకుండా నేను కొంగ మాదిరి మెడ ముందుకు చాపి నిలబడ్డా. మామ నేసిన చీర అది. దానికి మరక పడితే ఆ ఇంట్లో నా మొహం ఎలా చూపించను?

అత్త జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ఆమె మొహంలో రక్తం లేదు. "ఏమైంది పాపా? యాడ తగిలింది? తల పగిలిందా?" అంటూ నన్ను చేయి పట్టుకొని పెరట్లోకి లాక్కుపోయింది. వెనకే మా అమ్మ పరుగు. పెరట్లో కట్టెల పొయ్యి మీద అండా నిండా నీళ్ళు కాగుతున్నాయి. నన్ను రాతి మీద కూర్చోబెట్టి, అత్త వేడివేడి నీళ్ళలో కాసిన్ని చల్లనీళ్ళు కలిపి చెంబుతో నెత్తిన గుమ్మరించింది.

రాగిపిండి మీద వేడినీళ్ళు పోస్తే ఏమవుతుందో ఈ సీమలో పుట్టినదాన్ని, నాకు ఇంకొకరు చెప్పాలా! పూర్తిగా ఉడకలేదు గానీ, ముద్ద కట్టింది. జడ కాదది, రాగి సంగటి. అత్త వేళ్ళు లోపలికి పోయి అక్కడే ఇరుక్కున్నాయి. బయటికి లాగి వాసన చూసింది. ఇంకోసారి చూసింది.

"ఇది రాగిపిండి కదా."

ఇంక అబద్ధమెక్కడ ఆడతాను? తల వంచుకొనే ఉన్నా కదా, అదొక్కటి మంచిదైంది. "నూనె పోతాదని పోసుకున్నా అత్తా. డాక్టరు మాడుకు నూనె పెట్టొద్దనింది. ఎప్పుడో చెప్పింది. మీకు బాధైతాదని నేనే చెప్పలేదు."

అత్త చేతులు ఆగిపోయాయి. చెంబు కింద పెట్టిన చప్పుడు వినబడింది. ఇన్నాళ్ళు ఏది కాకూడదని నోరు మూసుకున్నానో అదే అయిందనిపించింది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పిండి పడి అనుకోవద్దు, ఏడుపే.

"అంటే నీకు నూనె ఇష్టం లేదా?" అంది చివరికి.

"లేదత్తా. చిన్నప్పటి నుంచీ లేదు."

"మరి మీ యమ్మ అట్ల చెప్పిందే!" అత్త లేచి నడుం మీద చేతులు పెట్టుకొని మా అమ్మ వైపు తిరిగింది. "ఏం వదినా, అంపకాల పొద్దు నా చేతులు పట్టుకొని నువ్వేం చెప్తివి? 'మా పాపకు వారం వారం నూనె పెట్టి తలంటకుంటే కాదు వదినా, రవ్వంత చూసుకోండి' అని కండ్లనీళ్ళు పెట్టుకుంటివా లేదా? ఆ మాట తప్పకూడదని చేస్తాండా. కండెలు చుట్టి చుట్టి నాకీ కుడి భుజం లేస్తా లేదు. శుక్రవారం వస్తాదంటే గురువారం నుంచే నొప్పి!"

మా అమ్మ నోరు తెరుచుకొని నిలబడిపోయింది. "నేనా? అయ్యో వదినా, ఇది హిందూపురంలో నూనె గిన్నె చూస్తే మిద్దెక్కేది! పిల్లను పంపించేటప్పుడు అందరూ ఏదో ఒకటి చెప్తా ఉన్న్యారు. నాకు దుఃఖంలో ఏం చెప్పల్లో తోచక, నోటికొచ్చింది చెప్పినా."

ముగ్గురం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ముందు ఎవరు నవ్వారో గుర్తులేదు. అత్త మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, భుజం నొప్పి మర్చిపోయి మరీ నవ్వింది. ఆమె అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత చల్లనీళ్ళతో ఇద్దరు తల్లులూ చెరో పక్క కూర్చొని, పెద్ద పండ్ల దువ్వెనతో పాయపాయా విడదీశారు. మాడు మంట. అయినా బాగుంది. లోపల గాజులూ పాటలూ అయిపోయాయి, తల ఆరలేదు. ఫోటోకు రమ్మని అక్క కేకలు. బావగారి ఎర్ర తుండు చుట్టుకొని వెళ్ళి నిలబడ్డా. ఇదీ కథ. చీరకు మరక పడలేదు, అదే పదివేలు.

సాయంత్రం బస్సులో తిరిగొస్తుంటే అడిగా. "అంత నొప్పి పెట్టుకొని ఎందుకత్తా? ఒక్క మాట చెప్పుంటే నేనే వద్దనేదాన్ని కదా."

అత్త కిటికీలోంచి చూస్తూ మెల్లగా అంది. "నూనె కోసరం కాదులే పాపా. నువ్వు షిఫ్టుకు పోతావు, వస్తావు, పండుకుంటావు. నేనా, ఆ రాట్నం కాడ్నే. ఆ పొద్దు ఒక్కటే కదా నువ్వు నా కాడ కూర్చొని మాట్లాడేది."

నేను కూడా ఆ కబుర్ల కోసమే కదా అన్నాళ్ళు జిడ్డు భరించింది! ఇద్దరం ఒకటే కోరుకుంటూ, నడుమ నూనె గిన్నె పెట్టుకొని కూర్చున్నాం.

నిన్న మళ్ళీ శుక్రవారం వచ్చింది. పీట నేనే వేశా. నూనె గిన్నె నేనే వెచ్చచేశా. "మళ్ళీ ఏమే?" అని అత్త భయపడింది. "మీరు కూర్చోండి" అని ఆమె భుజానికి నూనె రాసి మర్దనా చేశా. చెనక్కాయల చేలో పాము కథ మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకున్నా. ఈసారి పాము కొంచెం పొడుగు పెరిగింది.

నా మాడు ఇప్పుడు హాయిగా ఉంది. షాంపూ, చల్లనీళ్ళు, అంతే. ఒక్క బాధ మాత్రం ఇంకా తీరలేదు. వారమంతా మగ్గం మీద నుంచి తలెత్తని మా మామ, కంచంలో సంగటి ముద్ద పెట్టినప్పుడల్లా దాన్ని చేతిలోకి తీసుకొని, ఒకసారి నా జడ వైపు చూసి, అత్తనడుగుతున్నాడు:

"ఏమే, ఇది పొయ్యి మీద చేసిందేనా?"